గ్రాఫిక్స్ కార్డు ఇంటికొచ్చింది

జనవరి 6, 2010

సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో ఆ షాపువాడి ముందే నా సామాను లిస్టు చించి పారేసి రావలసింది. మర్యాదగా థ్యాంక్స్ చెప్పి వచ్చాను. ఆ థ్యాంక్స్ తలుచుకుంటే ఇంకా ఒళ్ళు మండుతోంది.

ప్రాసెసర్ ధర అడిగింది నేను. వాడు జవాబు కుమార్‌కు చెప్పాడు. గ్రాఫిక్స్ కార్డులు చూపించమన్నది నేను. వాడు మళ్ళీ కుమార్ వైపే తిరిగి, మేడమ్‌కు టైపింగుకు, పాటలకు గివన్నీ ఎందుకు భయ్యా, పైసలు ఖరాబ్ అన్నాడు. టైపింగట. రెండేళ్ళు నల్లకుంటలో పిల్లలకు లెక్కలు చెప్పి ముప్పై వేలు కూడబెట్టింది టైపింగు కోసమట. నాకు గేమ్స్ ఆడే మెషీన్ కావాలి. సెట్టింగ్స్ అన్నీ పైకి పెట్టినా ఆగి ఆగి నడవకూడదు. అంతే.

బయటికొచ్చాక కుమార్ నవ్వాడు. అతని మీద కూడా అరిచాను. అతనిదేం తప్పులేదు, ఎదురుగా ఉన్నాడు కాబట్టి అరిచాను. కుమార్ నా ఎంసీఏ క్లాస్‌మేట్. ఊరు జనగామ దగ్గర. క్యాంపస్ హాస్టల్లో సగం కంప్యూటర్లు అతను బిగించినవే. నాదీ అతనే బిగిస్తానన్నాడు.

ఇంట్లో మాత్రం ప్రాజెక్టు కోసమని చెప్పాను. ఆడపిల్లకు తుపాకీల ఆటలేమిటని అమ్మ మొదలుపెడితే ఉగాది దాకా ఆపదు.

జనవరి 9

క్యాంటీన్‌లో గంటన్నర పోట్లాట, ఏ ప్రాసెసర్ కొనాలని. నేను ఇంటెల్ కొత్త ఐ3 అంటాను. అతను ఏఎండీ నాలుగు కోర్లది అంటాడు. ఇప్పుడొచ్చే గేమ్స్ రెండు కోర్లకు మించి వాడవని ఫోరమ్‌లో చదివింది చెప్పాను. రేపొచ్చేటివి వాడతయి, నువ్వు రేపు ఆడవా అన్నాడు. పక్క టేబుల్ దగ్గర అందరూ డిసెంబర్ తొమ్మిది తెలంగాణ ప్రకటన గురించి, దాన్ని వెనక్కి తీసుకున్న సంగతి గురించి బల్ల గుద్దుతున్నారు. మేం ప్రాసెసర్ల గురించి బల్ల గుద్దుతున్నాం. మధ్యలో స్నేహలత వచ్చి కూర్చుంది. లేడీస్ హాస్టల్లో ఉంటుంది, కుమార్ వాళ్ళ పక్కఊరు. మీ లొల్లి నాకు తెలిసిపోయింది, ఇంటెల్ ఆంధ్రోళ్ళది, ఏఎండీ మనది అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నేను పుట్టింది తార్నాకలో. స్ట్రీట్ నంబర్ ఎనిమిది దాటి ఎక్కడా ఉండలేదు. నాన్నది భీమవరం అయితే నేనేం చేయను?

చివరికి ఏఎండీకే ఒప్పుకున్నాను. వాదనలో ఓడిపోయి కాదు. ఏఎండీ చవక, అక్కడ మిగిలే డబ్బు గ్రాఫిక్స్ కార్డు మీద పెట్టవచ్చు. గేమ్ నడిపేది కార్డే. ఈ ఒక్క విషయంలో ఇద్దరిదీ ఒకటే మాట.

జనవరి 20

బంద్. సీటీసీ మూత. మదర్‌బోర్డు లేదు.

జనవరి 23

ఈరోజు ఎస్ఎంపీఎస్ దగ్గర యుద్ధం. క్యాబినెట్‌తో పాటు ఒకటి ఫ్రీగా వస్తుంది, అదే చాలు అంటాడు కుమార్. తక్కువలో బిగించే వాళ్ళందరూ కరెంటిచ్చే డబ్బా దగ్గరే కక్కుర్తి పడతారు. తర్వాత అది పోతూ పోతూ బోర్డునీ కార్డునీ వెంట తీసుకుపోతుంది. ఫోరమ్ నిండా అవే ఏడుపులు. అతనికి చదివి వినిపించాను. నీ పైసలు, నీ ఇష్టం అన్నాడు. అలా అంటే అతను ఓడిపోయినట్టు. మంచిది విడిగా కొన్నాం.

వచ్చేటప్పుడు బస్సులో చెప్పాడు. బ్యాంకు పీఓ రాతపరీక్ష పాసయ్యాడట. మార్చిలో ఇంటర్వ్యూ. ఇంత పెద్ద సంగతి వారం దాచిపెట్టాడు. దిష్టి తగులుతుందట. వాళ్ళమ్మ లింగమ్మకు ఇంకా చెప్పలేదు. ఆమె పత్తి చేలల్లో కూలికి పోతుంది. ఆ ఉద్యోగం వస్తే మొట్టమొదట ఆమెను చేను మాన్పిస్తానన్నాడు.

ఎప్పుడూ బ్యాంకు పరీక్షలకే చదువుతాడని హాస్టల్లో అతన్ని బ్యాంకోడు అని వెక్కిరిస్తారు. తెలంగాణ రావాలని అందరికంటే గట్టిగా కోరుకుంటాడు, ర్యాలీకి వెళ్తాడు కూడా. కానీ వెనక వరుసలో నిలబడి, కెమెరా కనిపిస్తే చెట్టు చాటుకు పోతాడు. ఇంటర్వ్యూ అయ్యేదాకా ఏ కేసులోనూ పేరు పడకూడదని భయం. ఒక్క కేసు పడితే బ్యాంకు రమ్మనదు. ఆ భయాన్ని చూసి పిరికివాడంటారు. ఇదంతా మామూలుగా చెప్పాడు. నాకే వాళ్ళ మీద కోపమొచ్చింది.

ఫిబ్రవరి 5

కార్డు దొరికింది. సీటీసీలో లేదన్నారు, ముషీరాబాద్‌లో ఒక డీలర్ దగ్గర ఒకే ఒక్క పీసు ఉంది. ఈసారి అడగాల్సినవన్నీ నేనే అడిగాను. ఆ డీలర్ నాకే జవాబు చెప్పాడు. ఆ ముసలాయన కాళ్ళు మొక్కాలనిపించింది.

కార్డు ఫ్యాన్ మీద కత్తి పట్టుకున్న ఆడమనిషి స్టిక్కర్. ఎంత బాగుందో.

ఫిబ్రవరి 11

నా కంప్యూటర్ ఆన్ అయింది. నేను చూడలేదు.

కుమార్ ఉండే బాయ్స్ హాస్టల్‌లోకి అమ్మాయిలు పోకూడదు. నా సొంత మెషీన్ మొదటిసారి లేవడం నేను ఫోన్‌లో విన్నాను. ఒక్క బీప్. తర్వాత ఫ్యాన్ల చప్పుడు. విన్నవా, ఒక్కటే బీప్, అంటే అంతా సక్కగున్నట్టు అన్నాడు కుమార్. ఏడుపొచ్చింది, సంతోషానికీ ఉక్రోషానికీ కలిపి. ఎవరు పెట్టారో ఈ రూలు, వాడి హార్డ్ డిస్క్ కాలిపోను.

తెచ్చి ఇచ్చెయ్యమంటే వినడు. కొత్త సామాను వారం రోజులు అట్టపెట్టె మీద పరిచి, క్యాబినెట్ లేకుండా నడిపించాకే బిగిస్తాడట. పాడయ్యేది ఏదైనా ఉంటే ఆ వారంలోనే బయటపడుతుందట. అతని పద్ధతి అది. సరే అన్నాను.

ఫిబ్రవరి 15, సాయంత్రం

ఈరోజు క్లాసులు లేవు. ఆర్ట్స్ కాలేజీ దగ్గర పెద్ద సభ ఉందని నాన్న నన్ను గేటు దాటనివ్వలేదు. మధ్యాహ్నం భోంచేసి కుమార్‌కు ఫోన్ చేశాను. రూములోనే ఉన్నాడు. సభకు పోలేదు. ఎందుకంటే ఈరోజు గ్రాఫిక్స్ కార్డు టెస్టు, గేమ్ ఒకటి అదేపనిగా నడిపిస్తూ వేడి ఎంతకు పోతుందో చూస్తున్నాడు. ఒక్కో అంకె నాకు చదివి వినిపిస్తున్నాడు. నేను రాసుకుంటున్నాను. ఎంత హాయిగా ఉందో. వెనక దూరంగా నినాదాలు వినిపిస్తున్నాయి. తర్వాత టప్ టప్‌మని చప్పుళ్ళు. గ్యాస్ కొడుతున్రు, కిటికీ మూస్తా, ఒక్క నిమిషం అన్నాడు. లైను కట్టయింది.

తర్వాత ఎన్నిసార్లు చేసినా స్విచ్డ్ ఆఫ్, ఛార్జింగ్ అయిపోయిందో ఏమో. టీవీలో టియర్ గ్యాస్ పొగ, పరుగెత్తే పిల్లలు, లాఠీలు. హాస్టళ్ళలోకి పోలీసులు పోతున్నారని కింద అక్షరాలు నడుస్తున్నాయి. నాకు కళ్ళముందు కనపడింది ఏమిటంటే, అట్టపెట్టె మీద విప్పి ఉన్న నా బోర్డు మీద ఎవడో బూటు వేయడం. నిజం రాస్తున్నాను. ముందు గుర్తొచ్చింది కార్డు. తర్వాతే కుమార్.

నాన్నకు చెప్పాను. నా సామానంతా అతని గదిలో ఉందని. ముందు తిట్టారు. అలాంటి పిల్లల దగ్గర పెడతావా, బుద్ధుండక్కర్లేదా అన్నారు. అలాంటి అంటే ఎలాంటి అని అడిగాను. అమ్మ మాత్రం, వెంకటనర్సయ్య గారికి ఒక్కమాట చెప్పండి, మనకి తెలిసినవాళ్ళుండి ఏం లాభం అంది. వెంకటనర్సయ్య గారు ఉండేది మౌలాలిలో. పోలీసు డిపార్ట్‌మెంట్, యూనివర్సిటీ స్టేషన్‌లోనే పని. రోజూ పొద్దున్నే నాన్నతో క్యాంపస్‌లో వాకింగ్ చేస్తారు. మా ఇంట్లో గ్యాస్ సిలిండర్ ఆలస్యమైనా, నీళ్ళ బిల్లు తప్పొచ్చినా, పాస్‌పోర్టు రాకపోయినా పద్ధతి ఒకటే. తెలిసినవాళ్ళకు ఫోన్ చేయించడం.

నాన్న ఫోన్ పట్టుకుని నా వైపు చూసి ఏ బ్లాకు, ఏ గది అని అడిగారు. చెప్పాను. ఖరీదైనది ఏది అన్నారు. గ్రాఫిక్స్ కార్డు, మీద కత్తి పట్టుకున్న బొమ్మ ఉంటుంది అని కూడా చెప్పాను.

ఫిబ్రవరి 16

కార్డు ఇంటికొచ్చింది. హోంగార్డు ఎవరో నల్ల పాలిథిన్ కవర్లో తెచ్చి ఇచ్చాడు. ఒక్క గీత కూడా పడలేదు. ఎగిరి గంతేశాను. మీ ప్రాజెక్టు ఇదేనా అని అమ్మ ఆ బొమ్మను తిప్పి తిప్పి చూసింది.

కుమార్ ఫోన్ ఇంకా ఆఫ్‌లోనే ఉంది. మిగతా సామాను అతని దగ్గరే జాగ్రత్తగా ఉండి ఉంటుంది.

ఫిబ్రవరి 17

స్నేహలత ఫోన్ చేసింది. నిన్న పొద్దున కుమార్‌ను పట్టుకుపోయారు.

ఆ ఫ్లోర్ మొత్తంలో ఒక్క అతన్నే. పోలీసులు పక్క గదుల తలుపులు కూడా తట్టలేదట. సీదా వచ్చిన్రట, నంబర్ చూసుకుంట వచ్చిన్రట అంది. బల్ల మీద వైర్లు, విప్పి పెట్టిన బోర్డు, కరెంటు డబ్బా చూసి ఇదేంది, ఏం తయారు చేస్తున్నవ్ అని అక్కడే కొట్టారట. ఎవరో రూము నంబరు చెప్పిన్రు చందనా, ఎవరో మాకు తెలుస్తది, అప్పుడు చూస్తం అంది.

నేను అవునా అన్నాను.

ఫిబ్రవరి 18

నాన్నతో మాట్లాడాను. మాట్లాడానంటే, అరిచాను. నేను సామాను తెమ్మన్నానమ్మా, మనిషిని తెమ్మనలేదు అంటారు. మళ్ళీ ఫోన్ చేసి వదిలేయమనండి అన్నాను. అలాంటి వాటిలో మనం తలదూర్చకూడదు అన్నారు. నిన్నటిదాకా తలదూర్చింది ఎవరు? కార్డు వచ్చిందిగా, ఇక ఊరుకో అంది అమ్మ.

ఆ కార్డును బీరువా పైన పెట్టాను. బొమ్మ కనపడకుండా బోర్లించాను.

ఫిబ్రవరి 20

ఒక్కదాన్నే పోలీసు స్టేషన్‌కు వెళ్ళాను.

వెంకటనర్సయ్య గారు బయట చెట్టు కింద నిలబెట్టి మాట్లాడారు. సిగ్గుపడుతున్నట్టే ఉన్నారు. మీ నాయిన చెప్పిండని నేనే మనుషులను పంపిన బిడ్డా, రూముల పోరడున్నడు, గా వైర్లున్నయి, పైనుంచేమో కేసులు పెట్టనీకి పేర్లు ఇయ్యుండ్రని ఒకటే ఫోన్లు, వాళ్ళు ఊకుంటరా అన్నారు. ఆయన సొంతూరు కూడా నల్గొండ పక్క పల్లే. వాళ్ళబ్బాయి కూడా ఇక్కడే చదువుతున్నాడట. మా పిలగాడు గూడ గా సభకే పోయిండు, ఏం జేస్తం అన్నారు. ఆయన మీద ఎంత కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. అందుకు ఇంకా కోపమొచ్చింది.

లోపల సీఐ కాగితం చదివి చెప్పాడు. సోమవారం మధ్యాహ్నం ఆర్ట్స్ కాలేజీ ముందు రాళ్ళు విసిరిన గుంపులో కుమార్ ఉన్నాడట. లేడు, ఆ టైములో గదిలో కూర్చుని నాతో ఫోన్‌లో మాట్లాడుతున్నాడు అన్నాను. అతని గదిలో దొరికిన బోర్డు నాది, ప్రాసెసర్ నాది, బిల్లులు నా పేరు మీద ఉన్నాయి, కావాలంటే ఫోన్ రికార్డు తీయించుకోండి అన్నాను. ఆయన పెన్ను కింద పెట్టాడు. అయితే రాసివ్వండి మేడమ్, కోర్టులో చెప్పండి, కేసు నిలబడదు అన్నాడు. అంత సేపు ఫోన్‌లో ఏం మాట్లాడుకున్నారని లాయరు అడుగుతాడు, మీ నాన్నగారు కూడా హాల్లో ఉంటారు, చూసుకోండి అని నవ్వాడు.

అడగనివ్వు. టెంపరేచర్లు మాట్లాడుకున్నామని చెబుతాను. రాసిస్తాను. కుమార్ బయటికి రాగానే అతని లాయరుతో కలిసి వెళ్ళి రాసిస్తాను. ఇంటర్వ్యూ మార్చి పదిన. ఇంకా టైముంది.

ఫిబ్రవరి 25

బెయిలొచ్చింది. హాస్టల్ ముందు డప్పులు. బ్యాంకోడా అని వెక్కిరించినవాళ్ళే అతన్ని భుజాల మీద ఎత్తుకున్నారు. మెడలో బంతిపూల దండలు. ఎడమ కన్ను వాచి సగం మూసుకుపోయింది. నవ్వుతున్నాడు.

వాళ్ళమ్మ వచ్చింది. స్నేహలత నన్ను చూపించి కుమార్ దోస్తు అని చెప్పింది. లింగమ్మ నా రెండు చేతులూ పట్టుకుంది. అరచేతుల్లో కాయలు కాసి గరుకుగా ఉన్నాయి. నా కొడుకు అందరి కొరకు జైలుకు పోయిండు బిడ్డా, ఊర్ల సర్పంచ్ సుత మా ఇంటికొచ్చిండు అని చెప్పి ఏడ్చింది. ఆమెకు ఏం చెప్పను? చేతులు వెనక్కి తీసుకోలేక అలాగే నిలబడ్డాను.

ఫిబ్రవరి 26

క్యాంపస్ ల్యాండ్‌స్కేప్ గార్డెన్‌లో కుమార్‌తో మాట్లాడాను. గది నంబరు చెప్పింది నేనేనని చెప్పేశాను. ముందు నుంచీ, వరుసగా, ఏదీ దాచకుండా.

ఎరుకే అన్నాడు.

తలుపు తీయగానే కానిస్టేబుల్ అడిగిన మొదటి మాట, తార్నాక అమ్మాయి కార్డు ఏదిరా అని. ఆ నిమిషంలోనే అతనికి అర్థమైంది. లోపలున్న తొమ్మిది రోజులూ ఎవరికీ చెప్పలేదు. హాస్టల్లో చెబితే నన్ను క్యాంపస్‌లో అడుగు పెట్టనివ్వరని చెప్పలేదట. తిట్టమన్నాను. తిట్టలేదు. ఒక్క దెబ్బ కొట్టమన్నాను. ఊకో అన్నాడు. అతను తిడితే నాకు ఎంత సుఖంగా ఉండేదో అతనికి తెలియదు. తెలిసే తిట్టలేదేమో.

సరే, ఇప్పుడు పని చూద్దామన్నాను. బిల్లులు ఉన్నాయి, ఫోన్ రికార్డు తెప్పిస్తాను, నువ్వు గదిలోనే ఉన్నావని నేను రాసిస్తే కేసు పోతుంది, ఇంటర్వ్యూకు పోవచ్చు అన్నాను.

వద్దన్నాడు.

ఎందుకో నాకు మొదట ఎక్కలేదు. తర్వాత మెల్లగా చెప్పాడు. నేను గాడ లేనని కోర్టుల రాసిస్తవా అన్నాడు. అందరు గ్యాస్ తింటుంటే కుమార్‌గాడు కిటికీ మూసుకొని ఆంధ్రోళ్ళ పిల్లకు గేమ్ టెస్ట్ చేస్తుండె అని పేపర్ల వస్తే నేను ఏ మొఖం పెట్టుకొని ఈ హాస్టల్ల తిరగాలె అన్నాడు. మా అమ్మను రేపు ఊర్ల ఏమంటరు అన్నాడు. మొదటిసారి ఈళ్ళు నన్ను మనోడు అన్నరు చందనా, గా మాట నువ్వు కొట్టేస్తవా అన్నాడు.

మరి ఉద్యోగమో అంటే, తెలంగాణ వస్తే కేసులన్నీ ఎత్తేస్తరు అన్నాడు. ఎప్పుడొస్తుంది అన్నాను.

ఆంధ్రోళ్ళ పిల్ల అన్నాడు. వాళ్ళ మాటగానే అన్నాడు. అయినా అన్నాడు.

మార్చి 4

కోపం. పొద్దున్నుంచి కోపం. అమ్మ పెట్టిన ఇడ్లీ మీద కోపం. నేను రాసిస్తే నేనే అబద్ధమాడుతున్నానని చెబుతాడట, స్నేహలతతో కబురు పంపించాడు. సభలో ఉన్ననని నేనే ఒప్పుకుంట అన్నాడట. చేయని నేరాన్ని ఇంత గట్టిగా పట్టుకున్న మనిషిని నేనెక్కడా చూడలేదు. ఆ నేరం ఇచ్చినంత గౌరవం కంప్యూటర్లు బిగించే నేర్పూ, పీఓ పరీక్షా అతనికి ఇవ్వలేదు. నాకది అర్థమవుతోంది. అర్థమవుతున్నందుకు ఇంకా కోపం.

మార్చి 10

ఇంటర్వ్యూ రోజు. పొద్దున్నే తార్నాక చౌరస్తా బస్‌స్టాప్‌లో నిలబడ్డాను. ఇంటర్వ్యూ జరిగే కోఠీకి బస్సు ఎక్కాలంటే అక్కడికే రావాలి. టై కట్టుకుని వస్తాడేమో, మనసు మారిందేమో అని. పది దాటింది. పదకొండు దాటింది. రాలేదు.

అక్కడి నుంచి స్టేషన్‌కు నడిచాను. సంచిలో బిల్లులు, ఫోన్ రికార్డు, నేను రాసుకున్న రెండు పేజీల స్టేట్‌మెంట్ ఉన్నాయి. నా బోర్డు, ప్రాసెసర్, ర్యామ్, నేను పోట్లాడి కొనిపించిన ఎస్ఎంపీఎస్, అన్నీ లోపల ఒక గోనెసంచిలో సీలు వేసి ఉన్నాయి. నావని సంతకం పెడితే నాకిస్తారు. అతను గదిలో ఉన్నాడని తేలిపోతుంది.

గేటు దగ్గర ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. సెంట్రీ ఏం కావాలమ్మా అని అడిగాడు.

పోయినసారి కుమార్‌ను అడక్కుండానే ఫోన్ చేయించాం. అతని మంచికి కూడా కాదు, నా కార్డు కోసం. ఈసారి అతని మంచి కోసమే. కానీ అడిగాను. వద్దన్నాడు. ఇక మళ్ళీ నాకు తోచింది నేను చేసేస్తే నాన్నకూ నాకూ తేడా ఏమిటి?

ఏమీ వద్దు అని సెంట్రీకి చెప్పి వెనక్కి వచ్చాను. దారంతా ఏడుస్తూనే ఉన్నాను. ఇంటికొచ్చి నాన్నతో మాట్లాడలేదు. రేపు కూడా మాట్లాడను.

మార్చి 22

ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద ఈరోజు కుమార్ మైకు పట్టుకున్నాడు. ఆ రోజు గ్యాస్ కొడుతుంటే నేను గీడనే ఉన్న, అందరికంటె ముందల ఉన్న అన్నాడు. నేను జనంలో ఉన్నాను. నన్ను చూశాడు. ఒక్క క్షణం ఆగాడు.

అందరికంటే ముందు నేనే చప్పట్లు కొట్టాను.